ఘాట్ దిగే లారీకి తొందర ఎవరిది?

విజయవాడ ఆటోనగర్‌లో మాది బ్రేకుల పని. లైనింగులు కొట్టడం, డ్రమ్ములు లేతు మీద తిప్పడం, చాంబర్లలో డయాఫ్రమ్‌లు మార్చడం, గాలి ఎక్కడ లీకవుతుందో వెతికి పట్టుకోవడం. లారీ బ్రేకు గాలి బలంతో పనిచేస్తుంది: చాంబర్‌లోకి వెళ్ళిన గాలి ఒక కడ్డీని తోస్తే, అది లైనింగ్ బిగించిన షూలను చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ముకు లోపలి నుంచి నొక్కుతుంది. చక్రం ఊడదీసి డ్రమ్ము చేతిలోకి తీసుకుంటే ఆ బండి ఏ దారుల్లో తిరిగిందో, దాన్ని ఎలా దించారో చాలావరకు చెప్పొచ్చు. చెన్నై, కోల్‌కతా హైవే మీద తిరిగే బండి డ్రమ్ము బూడిద రంగులో సమంగా అరిగి ఉంటుంది. ఘాట్‌లో కాలిన డ్రమ్ము వేరు. లోపలి ముఖం మీద నీలం మచ్చలు తేలతాయి. అడ్డంగా వెంట్రుకవాసి పగుళ్ళు పడతాయి. లైనింగ్ పైపొర నున్నగా మెరుస్తూ గట్టిపడిపోతుంది, గోరుతో గీకినా గీత పడదు. సగానికి పైగా మందం మిగిలి ఉన్నా ఆ లైనింగ్ ఇక పట్టదు, తీసి పారేయాల్సిందే.

అలాంటి డ్రమ్ము చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపం డ్రైవరు మీద అని అందరూ అనుకుంటారు. ఘాట్‌లో లారీ బోల్తా పడితే పేపర్లో రెండే ముక్కలు వస్తాయి: బ్రేకులు ఫెయిలయ్యాయి, లేదా డ్రైవరు నిర్లక్ష్యం. అక్కడితో కథ ముగుస్తుంది. ఆ బండిలో లోడు ఎంత వేశారు, ఎన్ని గంటలకు చేరమన్నారు, డీజిల్ లెక్క ఎలా కట్టారు అని ఎవరూ అడగరు. ఆ మూడూ నిర్ణయించేది ఓనరూ, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసూ, సరుకు పంపే పార్టీ. బండి కొండ పైకి చేరేసరికే దాని దిగుడు సగం తేలిపోయి ఉంటుందని నేను నమ్ముతున్నాను. ఈ వ్యాసం డ్రైవర్ల కంటే ఎక్కువగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు వేడి లెక్క చెప్పాలి, ఎందుకంటే మిగతా వాదనంతా దాని మీదే నిలబడుతుంది.

పది టైర్ల లారీకి లోడుతో కలిపి ఇప్పుడు చట్టం ఒప్పుకునే బరువు 28.5 టన్నులు. 2018కి ముందు అది 25 టన్నులు. లెక్క తేలిక కోసం 28 అనుకుందాం. రోడ్డు వాలు 6 శాతం అనుకుందాం, అంటే వంద మీటర్లు ముందుకు వెళ్తే ఆరు మీటర్లు కిందికి దిగుతాం. అలాంటి రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు దిగితే 500 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆ కాస్త దూరంలో బండి వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 38 యూనిట్ల కరెంటు. ఏసీ లేని చిన్న కుటుంబానికి వారం రోజులు సరిపోయే కరెంటు అది. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా వేడిగా మారి బయటికి పోవడానికి రెండే దారులు ఉన్నాయి: ఇంజను, బ్రేకు డ్రమ్ములు. ఇంజనుకు అప్పజెప్పనిదంతా డ్రమ్ముల మీదే పడుతుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే ఆ వేడి పుట్టే జోరు సుమారు 160 కిలోవాట్లు, అంటే రెండు వందల హార్స్‌పవర్ పైమాటే. కొండ ఎక్కడానికి ఇంజను పడే కష్టమెంతో దిగేటప్పుడు ఆపడానికి బ్రేకులు పడే కష్టమూ దాదాపు అంతే. 20 వేగంతో దిగితే ఆ జోరు సగమవుతుంది. మొత్తం వేడి పెద్దగా మారదు గానీ, దాన్ని గాలికి వదలడానికి డ్రమ్ములకు రెట్టింపు సమయం దొరుకుతుంది. సరైన గేరు, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని మూసి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచే ఏర్పాటు) కలిస్తే ఆ వేగంలో భారంలో ఎక్కువ భాగం ఇంజనే మోస్తుంది. పైగా 40లో ఉన్న బండిని ఆపడానికి కావాల్సిన శక్తి 20లో ఉన్నదానికి నాలుగు రెట్లు. ఇంతకీ ఆ ఎనిమిది కిలోమీటర్లు 40తో దిగినవాడికీ 20తో దిగినవాడికీ తేడా ఎంత? పన్నెండు, పదమూడు నిమిషాలు. వెయ్యి కిలోమీటర్ల ట్రిప్పులో ఒక టీ తాగే సమయం.

ఇక ఓవర్‌లోడు. 28 టన్నుల బండిలో 35 వేస్తే పుట్టే వేడి నాలుగో వంతు పెరుగుతుంది, డ్రమ్ములు మాత్రం అవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. చాలామంది దాన్ని కిరాయి లెక్కలో కలిపేసుకుంటారు. డ్రైవరు వద్దంటే ఇంకో డ్రైవరు దొరుకుతాడని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

వేడెక్కిన డ్రమ్ములో ఏం జరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పెద్ద లారీల డ్రమ్ములు చాలావాటికి 410 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. 300 డిగ్రీలు వేడెక్కితే ఆ ఇనుము మిల్లీమీటరుకు పైగా వ్యాకోచిస్తుంది. అంటే లైనింగ్ నుంచి డ్రమ్ము దూరం జరుగుతుంది. దాన్ని అందుకోవడానికి చాంబర్ లోంచి వచ్చే కడ్డీ ఇంకాస్త బయటికి రావాలి. కడ్డీకీ షూకీ మధ్య వదులును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ సరిగ్గా ఉంటే ఆ అవకాశం ఉంటుంది. వదులుగా ఉంటే కడ్డీ చివరికంటా వచ్చి ఆగిపోతుంది, షూ డ్రమ్మును గట్టిగా నొక్కలేదు. అదే సమయంలో లైనింగ్‌లోని జిగురు పదార్థాలు కాలిపోయి దాని పట్టు కూడా తగ్గుతుంది. ఆ కమురు కంపు డ్రైవరు ముక్కుకు తగిలేసరికి ఆలస్యమైపోయినట్టే.

ఇందులో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. కారులో బ్రేకు పనిచేయకపోతే పెడల్ కిందికి జారిపోతుంది, మెత్తబడుతుంది, కాలికి తెలుస్తుంది. ఎయిర్ బ్రేకులో అలా తెలియదు. పెడల్ కింద ఉన్నది గాలిని వదిలే వాల్వు మాత్రమే. డ్రమ్ములు ఎర్రగా కాలినా కాలికి పెడల్ మామూలుగానే ఉంటుంది. బండి ఆగకపోవడం ఒక్కటే డ్రైవరుకు అందే కబురు.

"హ్యాండ్ బ్రేకు ఉంది కదా, గాలి పోతే స్ప్రింగ్ పట్టేస్తుంది కదా" అని కొందరు ఓనర్లు అంటారు. నిజమే, ట్యాంకులో గాలి పడిపోతే స్ప్రింగ్ బ్రేకు పడుతుంది. కాని అది నొక్కేది కూడా ఆ కాలిన లైనింగునే, ఆ ఉబ్బిన డ్రమ్ము మీదే. చల్లగా ఉన్న బండిని నిలబెట్టడానికి చేసిన ఏర్పాటు అది. మరిగిపోయిన బ్రేకులతో వాలులో పరుగెత్తే బండికి దాని మీద భరోసా పెట్టుకోకూడదు.

ఇప్పుడు న్యూట్రల్ సంగతి, అంటే గేరు తీసేసి బండిని వాలుకు వదిలేయడం. మా దగ్గరికి ఎన్నో ఏళ్ళుగా వచ్చే పెద్దాయన ఒకరున్నారు, నేను బాబాయ్ అంటాను. చేయి తిరిగిన డ్రైవరు. వెనక ఇరుసు డ్రమ్ములు రెండూ నీలం తిరిగి ఉంటే చూపించి, "ఇదేంటి బాబాయ్, నువ్వు కూడానా?" అని అడిగాను.

"నాలుగు కిలోమీటర్ల మైలేజీ రావాలంటాడు అబ్బాయ్ మా ఓనరు. రాకపోతే ఆ తేడా నా బత్తాలో కోస్తాడు. చదునులో లోడు బండి మూడున్నర కూడా ఇవ్వదు. ఘాట్‌లో వదలకపోతే ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

నా దగ్గర జవాబు లేదు. న్యూట్రల్‌లో దిగడం ప్రమాదమని ఆయనకు నేను నేర్పాల్సిన పని లేదు. నేర్పాల్సినది ఆ మైలేజీ నియమం పెట్టినవాళ్ళకు. పైగా వాళ్ళ లెక్క కూడా తప్పే. 2017లో దేశమంతటా బీఎస్ 4, 2020లో బీఎస్ 6 పొగ ప్రమాణాలు వచ్చాక కొత్త లారీలన్నిటిలోనూ డీజిల్‌ను పంపేది కంప్యూటరు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి కాబట్టి, ఇంజెక్టర్లకు డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను తనంతట తాను తిరగాలి కాబట్టి ఐడ్లింగ్‌కు డీజిల్ కాలుతుంది. అంటే ఘాట్‌లో న్యూట్రల్ కొట్టినవాడు గేరులో దిగినవాడికంటే ఎక్కువ డీజిల్ కాలుస్తున్నాడు. చిన్న చిన్న వాలుల్లో బండిని వదిలేస్తే కొంత దూరం కలిసొచ్చే మాట నిజమే, అది ఒప్పుకుంటాను. కాని బ్రేకు నొక్కుతూ దిగాల్సిన ఘాట్‌లో మిగిలేది ఏమీ లేదు. ఒకవేళ పాత బండి అయి, ఇంజనే కట్టేసి దిగినా, మిగిలేది అర లీటరు కూడా ఉండదు. ఇంజను కడితే గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, ట్యాంకులో ఉన్న గాలే దిక్కు. పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. 2022 నవంబరు 20 రాత్రి పుణెలోని నవలే బ్రిడ్జి దగ్గర వాలులో ఒక ట్రక్కు పదులకొద్దీ వాహనాలను గుద్దుకుంటూ పోయింది. డీజిల్ కోసం డ్రైవరు ఇంజను ఆపేశాడని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ డీజిల్ ఎవరి లెక్కలో మిగలాలని అతను అలా చేశాడో మాత్రం ఎక్కడా చదవలేదు.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. మనది చదును నేల. విజయవాడలో స్టీరింగ్ పట్టినవాడికి ఇటు ఏలూరు దాటినా, అటు ఒంగోలు దాటినా వాలన్నది తగలదు. లైసెన్సు పరీక్షలోనూ ఘాట్ దిగుడు ఉండదు. మన సరుకు మాత్రం చదును మీద ఆగదు. మన ఇబ్రహీంపట్నంలో కలిసే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు, భద్రాచలం, కుంట, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోతుంది. బస్తర్ పీఠభూమి మీంచి కాంకేర్ వైపు దిగేచోట కేశ్‌కాల్ ఘాట్ ఉంది, పక్కపక్కనే గట్టి మలుపులు. గుంటూరు యార్డులో ఎత్తిన మిర్చి ముంబై వైపు వెళ్తే లోనావాలా దాటాక భోర్ ఘాట్ దిగాలి. గిద్దలూరు నుంచి నంద్యాల పోవాలంటే నల్లమల దాటాలి. కొరాపుట్ నుంచి వచ్చే బండి సాలూరు దగ్గర దిగుతుంది. బెంగళూరు మీంచి సేలం పోయే బండికి ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్. లోడుతో మొదటిసారి దిగే ఘాటే మన కుర్ర డ్రైవరుకు అసలు పరీక్ష. పక్కన నేర్పేవాడు ఉండడు. ఇదివరకు క్లీనరుగా ఏళ్ళ తరబడి తిరిగి, పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరే లేడు, ఆ జీతం కూడా మిగుల్చుకున్నారు.

ఆ పెద్ద డ్రైవర్లు చేసేది చూస్తే కొండ దిగడంలో కష్టమైన పనంతా పైనే అయిపోతుంది. దిగుడు మొదలయ్యే ముందు బండి పక్కకు తీసి ఆపుతారు. ఇంజను ఆన్‌లోనే ఉంచి ఎయిర్ మీటరు ముల్లు నిండేదాకా చూస్తారు. కిందికి దిగి చక్రాల దగ్గర గాలి బుస వినిపిస్తుందేమో చెవి పెడతారు. డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి, తాకకుండానే, ఏ చక్రం ఎక్కువ వేడిగా ఉందో కనిపెడతారు. ఎగ్జాస్ట్ బ్రేకు పడుతోందో లేదో చూసుకుంటారు. తక్కువ గేరు అక్కడే వేసుకుని కదులుతారు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని పాతకాలం డ్రైవర్లు చెప్పేవారు. ఆనాటి ఇంజన్లకు అది సరిపోయింది. ఇప్పటి ఇంజన్లు బలమైనవి, పెద్ద గేరులోనే ఎక్కేస్తాయి, కాబట్టి దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించుకోవాలి. మధ్యలో తగ్గిద్దాంలే అనుకుంటే, వేగం పెరిగాక గేరు ఊడుతుంది గానీ కిందిది పడదు. బండి న్యూట్రల్‌లో చిక్కుకుపోతుంది.

సరైన గేరులో ఉన్నా వేగం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. 25 దాటకూడదనుకుంటే, ముల్లు 25కి రాగానే పెడల్ గట్టిగా నొక్కి, రెండు మూడు సెకన్లలో 17కో 18కో తెచ్చి, కాలు పూర్తిగా తీసేయాలి. మళ్ళీ 25 వచ్చేదాకా ముట్టుకోకూడదు. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు, కాలు తేలిగ్గా పెడల్ మీద ఆనించి కొండంతా దిగుతారు. చూడటానికి జాగ్రత్తగా దిగుతున్నట్టే ఉంటుంది. కాని తక్కువ గాలి వెళ్తే అన్ని చక్రాల బ్రేకులూ ఒకేసారి పట్టవు. ముందుగా పట్టే రెండు మూడు చక్రాలే భారమంతా మోసి మాడిపోతాయి, మిగతావి చల్లగా కూర్చుంటాయి. ఒకే బండిలో నాలుగు డ్రమ్ములు బాగుండి రెండు నీలం తిరిగి రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అదేపనిగా టపటపా నొక్కడం కూడా తప్పే, నొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి పోతుంది. వానలో ఖాళీ బండికి ఎగ్జాస్ట్ బ్రేకు ఒక్కసారిగా వేస్తే వెనక చక్రాలు జారే ప్రమాదముంది, అక్కడ వేగమే ఇంకా తగ్గించుకోవాలి. ఇరుకు చోట ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది అందరికీ తెలిసిందే.

కిందికి దిగాక కొందరు డ్రమ్ముల మీద నీళ్ళు పోస్తారు. దయచేసి పోయకండి. మరిగిన పోత ఇనుము మీద చల్లటి నీళ్ళు పడితే పగులుతుంది. ఆ పగులు ఆ రోజు కనపడదు, ఇంకో ఘాట్‌లో డ్రమ్ము రెండు ముక్కలవుతుంది. చెట్టు నీడన ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, దానంతట దాన్ని చల్లారనివ్వాలి. దానికి ముప్పావు గంట పట్టొచ్చు.

ఆ ముప్పావు గంట దగ్గరే నా అసలు గొడవ. చాలా బండ్లకు ఇప్పుడు జీపీఎస్ ఉంది. బండి ఎక్కడైనా పావుగంట ఆగితే విజయవాడలో ఓనరు ఫోను కూస్తుంది, వెంటనే డ్రైవరుకు ఫోను పోతుంది: ఎందుకాపావు? ఆ బండే ఘాట్ దిగుడులో 55లో పోతే అదే యాప్‌లో ఆ అంకె కూడా కనిపిస్తుంది. దానికి ఎవరూ ఫోను చేయరు. బండి వేగంగా పోతోందని సంతోషించే ఆఫీసులు నేను చూశాను. యంత్రం రెండూ చూపిస్తోంది, మనం ఒకదాన్నే చూస్తున్నాం. కొండ పైన చెకింగ్‌కు ఆగిన పది నిమిషాలకు, కింద చల్లార్చడానికి ఆగిన ముప్పావు గంటకు డ్రైవరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తే, రెండోసారి అతను ఆగడు.

తిరుమల చూడండి. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో తెరిచిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. దిగే బండికి 40 నిమిషాలు, ఎక్కే బండికి 28 నిమిషాలు కనీస సమయంగా పెట్టారు. అంతకంటే ముందే కిందికి వస్తే ఎందుకంత వేగమని అడుగుతారు. అక్కడ తొందరగా రావడమే తప్పు. మనవాళ్ళందరికీ ఆ పద్ధతి తెలుసు, దేవుడి కొండ కాబట్టి ఒప్పుకుంటాం. కార్లకూ బస్సులకూ పెట్టగలిగిన నియమం 28 టన్నుల లారీకి వేరే ఘాట్‌లలో ఎందుకు పెట్టలేం? పైన ఒక చీటీ, కింద ఒక తనిఖీ చాలు. ప్రభుత్వం పెట్టేదాకా ఆగక్కర్లేదు కూడా. ఓనరు చేతిలోని జీపీఎస్‌లోనే ఘాట్ మొదలు, చివర గుర్తు పెట్టుకుని, ఇంత సమయానికంటే ముందు దిగితే అలారం వచ్చేలా చేయించుకోవచ్చు. అలాంటి ట్రిప్పుకు మైలేజీ లెక్క వేరే కట్టాలి, అసలు ఘాట్ దారులకు మైలేజీ కోత ఉండకూడదు.

దీనికి వచ్చే ఎదురుమాట నాకు తెలుసు. "కిరాయిలు పడిపోయాయి, కిస్తీలు కట్టాలి, పార్టీ టైముకు దించకపోతే డబ్బు కోస్తాడు, మేం మాత్రం ఏం చేస్తాం?" ఒక్క బండి ఉన్న ఓనరు ఈ మాట అంటే నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే అతనూ ఎవరి తొందరకో తల వంచుతున్నవాడే. అందుకే సరుకు పార్టీని కూడా ఇందులోకి లాగుతున్నాను. ఘాట్ ఉన్న దారికి సమయం కట్టేటప్పుడు చదును దారి లెక్క వేయకూడదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. అయిదుగురైనా పనివాళ్ళున్న సంస్థలకే అది వర్తించేది. రాత్రంతా నడిపి తెల్లవారుజామున ఘాట్ ముందు నిలబడ్డ మనిషిని కొండ పైన ఆగి గాలి చూసుకోమంటే, ముందు అతనికి నిద్ర ఇవ్వాలి.

2025లో కొత్త పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని, విజయవాడ ఎండలో క్యాబిన్‌లో కూర్చున్నవాడికే దాని విలువ తెలుస్తుంది. అలాగే పెద్ద బండ్లకు రిటార్డర్ కూడా తప్పనిసరి చేయాలని నా కోరిక. అది బ్రేకు లైనింగుతో పని లేకుండా గేరుబాక్సు వైపు నుంచే బండిని పట్టి ఉంచుతుంది, డ్రమ్ములు చల్లగా ఉంటాయి. ధర ఎక్కువే. ఒక్క బండి బోల్తా పడితే అయ్యే ఖర్చు ముందు అది ఎంతో ఓనర్లే లెక్క వేసుకోవాలి, మనిషి ప్రాణం సంగతి పక్కన పెట్టినా.

అందాకా ఉన్నదాన్ని సరిగ్గా ఉంచుకుందాం. మా దగ్గరికి వచ్చే బండ్లలో ఎగ్జాస్ట్ బ్రేకు తుప్పు పట్టి బిగుసుకుపోయినవి, వైరు ఊడిపోయినవి చాలా కనిపిస్తాయి. ఓనరుకు చెబితే "అది లేకపోయినా బండి నడుస్తుందిగా, తర్వాత చూద్దాం" అంటారు. చదునులో నడుస్తుంది. రాయపూర్ లోడో, ముంబై లోడో కట్టే ముందు బండి ఒకసారి తీసుకురండి. అన్ని చక్రాల దగ్గరా కడ్డీ ఎంత బయటికి వస్తుందో కొలిచి, స్లాక్ సరిచేసి, ఎగ్జాస్ట్ బ్రేకు చూసి పంపుతాను. చూసినందుకు డబ్బు తీసుకోను, సామాను మార్చాల్సి వస్తేనే దాని ఖరీదు. డ్రైవరును కూడా వెంట పంపండి, కొలిచేటప్పుడు అతను పక్కన ఉండాలి.